ఎన్ని గంటల్లో వచ్చావ్?

స్పెయిన్‌కి ఎదురుగా, సముద్రం ఇవతల ఉన్న మా రిఫ్ కొండల్లో వేసవిలో కారు దిగినవాణ్ణి ముందుగా ఎవరూ "బాగున్నావా" అని అడగరు. సలాం చెప్పి, చేయి కలిపి, కారు టాపు మీద తాళ్ళేసి కట్టిన సామాను ఎంత ఎత్తుందో ఓరకంట చూసుకుని, అడిగే మొదటి మాట ఒక్కటే: "ఎన్ని గంటల్లో వచ్చావ్?" బెల్జియం నుంచీ ఫ్రాన్స్ నుంచీ వచ్చే మా మగవాళ్ళ పరువంతా ఆ అంకెలోనే ఉంటుంది. ముప్ఫై అంటే పెదవి విరుస్తారు. ఇరవై ఆరంటే తలాడిస్తారు. కద్దూర్ ఓ ఏడు బెల్జియంలోని లియేజ్ ఊరు నుంచి స్పెయిన్ చివరి రేవు దాకా ఇరవై రెండు గంటల్లో వచ్చిపడ్డాడు. అక్కణ్ణుంచి ఆ చిన్న సముద్రం ఎవరైనా దాటాల్సిందే, అది లెక్కలోకి రాదు. ఆ ఇరవై రెండుని మా చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవడూ కొట్టలేకపోయాడు.

అలాంటి కద్దూర్ ఈ ఏడాది ఫ్రాన్స్‌లోనే ఓడెక్కాడు. కారుతో సహా. పెళ్ళాం ఎక్కించింది.

పంతొమ్మిదో ఏట లియేజ్ వెళ్ళి ఉక్కు కర్మాగారంలో చేరాడు కద్దూర్. ముప్ఫై ఐదేళ్ళు చేశాడు, అందులో సగం రాత్రి షిఫ్టులే. "నిద్రనేది అలవాటు, మానేస్తే అదే పోతుంది" అనేవాడు. తమ్ముడు బూజియాన్‌ని కూడా తనే తీసుకెళ్ళి అదే కర్మాగారంలో పెట్టించాడు. బూజియాన్ భార్యా, కూతురు లువీజా మాత్రం ఊళ్ళోనే ఉండేవాళ్ళు. ప్రతి జులైలో అన్నదమ్ములిద్దరూ రెండు కార్లలో బయల్దేరేవాళ్ళు, ముందు కద్దూర్, వెనక బూజియాన్. పెట్రోలుకి ఆగాలి, నమాజుకి ఆగాలి, మూడోదానికి ఆగకూడదు. అది కద్దూర్ పెట్టిన రూలు.

ఆరేళ్ళ కిందట అదే స్పెయిన్ రోడ్డు మీద బూజియాన్ కారు నడుపుతూ నిద్రలోకి జారుకున్నాడు. కారు రోడ్డు దిగి బోల్తా కొట్టింది. శవాన్ని విమానంలో ఊరికి తెచ్చారు. పాతిపెట్టిన రోజున కద్దూర్ సమాధి దగ్గర మరదలి ముందు నిలబడి అందరూ వినేలా మాటిచ్చాడు: "లువీజాని అత్తారింటికి నా కారులో నేనే దింపుతా. మా తమ్ముడుంటే ఎలా దింపేవాడో అలాగే." మా దగ్గర పెళ్ళికూతురు ఇంట్లోంచి కదిలేది తండ్రి కారులోనే. తండ్రి లేకపోతే తండ్రి తోడబుట్టినవాడిది. వాడూ లేకపోతేనే మేనమామది.

ఆ ఆరేళ్ళూ కద్దూర్ దంపతులు విమానంలోనే వచ్చివెళ్ళారు. ఈ ఆగస్టులో లువీజా పెళ్ళి. శనివారం సాయంత్రం అసర్ నమాజు కాగానే పెళ్ళికూతుర్ని కారెక్కించాలి. పెళ్ళికొడుకు ఊరు కొండలకి అటువైపు, చీకటి పడకముందే చేరాలి. కారుంటేనే కదా దింపేది! విమానం కారుని మోసుకురాదు.

"రోడ్డు మీద పోదాం. ఒక్క రోజు, అంతే," అన్నాడు కద్దూర్.

"నువ్వు పో," అంది యమ్నా. "నేను మాత్రం ఆ రోడ్డు మీద ఛస్తే కూర్చోను. నా మాట వింటే ఓడ టిక్కెట్టు తియ్యి. వినకపోతే పెళ్ళికి నీ పక్క సీటు ఖాళీగా పట్టుకెళ్ళి, మా యమ్నా రానందని ఊరందరికీ నువ్వే చెప్పుకో."

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో యమ్నా ఇంత గట్టిగా పట్టుబట్టింది రెండోసారి. మొదటిసారి ఎందుకో కద్దూర్‌కి గుర్తులేదు గానీ, ఓడిపోయింది తనేనని మాత్రం గుర్తుంది.

లియేజ్‌లో బుధవారం పొద్దున ఆరింటికి బయల్దేరారు. రేవు దాకా వెయ్యి కిలోమీటర్లు. అక్కడికే యమ్నా రెండు చోట్ల ఆపించి "పడుకో" అంది. కద్దూర్ సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోలేదు. దాటిపోతున్న కార్లని చప్పుడుని బట్టి లెక్కపెట్టాడు. మనసులో ఒకటే కుతకుత: వీళ్ళంతా నన్ను దాటిపోతున్నారు.

గురువారం మధ్యాహ్నానికే రేవులో లైను పెరిగిపోయింది. అన్నీ మనవాళ్ళ కార్లే, అన్నిటి నెత్తినా నీలం పట్టాల మూటలే. కద్దూర్ కారు టాపు మీద రెండు పరుపులు, ఒక వాషింగ్ మెషీను, లువీజాకి కొన్న కుట్టుమిషను, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. లైన్లో అతను బాగా ముందే ఉన్నాడు. ఓడ నోరు తెరుచుకోగానే ముందు కార్లు లోపలికి, లోలోపలికి, చీకటి గోడ దాకా వెళ్ళడం చూశాడు. చటుక్కున అతని బుర్రలో దీపం వెలిగింది. ముందెక్కినవాడు కడుపులోకి పోతాడు. ఆఖర్న ఎక్కినవాడు తలుపు దగ్గరుంటాడు, ముందు దిగుతాడు!

అంతే, కారుని పక్కకి తీసి, తాడు వదులైందని నెత్తినెక్కి కూర్చున్నాడు. ముడి విప్పుతాడు, వేస్తాడు, మళ్ళీ విప్పుతాడు. పచ్చ చొక్కా వేసుకున్న కుర్రాడు రెండుసార్లు వచ్చి "పదండి పదండి" అన్నాడు. కద్దూర్ తాడు చూపించి చేతులు తిప్పాడు. మూడు గంటలు ఆ ఎండలో మాడాడు. మొత్తానికి ఆఖరి కారుగా ఎక్కి, తలుపుకి ఎదురుగా నిలిపి, బానెట్ మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు.

"చూశావా! శనివారం పొద్దున తలుపు తెరవడం, నేను బయట పడడం. నా వెనక ఈ మందంతా."

"ఇంత తెలివి ఉన్నవాడివి, నీళ్ళ సీసా కారులో మరిచిపోకు," అంది యమ్నా. "కింద తాళం వేసేస్తారంట. రేవు వచ్చేదాకా తియ్యరంట."

నీళ్ళ సీసా గుర్తుంది. మరిచిపోయింది వేరేది.

పైన ఓడ కాదు, సంత! గదులు దొరికినవాళ్ళు గదుల్లోకి పోయారు. దొరకనివాళ్ళు నడవాల్లో పరుపులు పరిచి, చుట్టూ సంచులు గోడలా పేర్చి, అప్పుడే టీ పెట్టేస్తున్నారు. కద్దూర్‌కి గది దొరకలేదు. యమ్నా మెట్ల కింద ఒక మూల చూసి దుప్పటి పరిచింది. పక్క దుప్పటి అల్లాల్‌ది. డెబ్బై ఏళ్ళ మనిషి, లియోన్‌లో కూరగాయల కొట్టు, పన్నెండేళ్ళుగా ఈ ఓడ తప్ప ఇంకో దారి తొక్కలేదు. భార్యా మనవలూ గదిలో ఉంటే, తను మాత్రం "గదిలో మాట్లాడ్డానికి ఎవరుంటారు?" అని నడవాలోనే పక్క వేసుకున్నాడు. ఓడ కదలకముందే బూట్లు విప్పి, కాళ్ళు చాపి, గుడ్డు ఒలుస్తూ కూర్చున్నాడు.

"కూర్చో తమ్ముడూ. ఎందుకలా నిలబడతావ్? నువ్వు నిలబడితే ఓడేమైనా తొందరగా పోతుందా?"

కద్దూర్‌కి ఒళ్ళు మండింది. కూర్చోలేదు.

రాత్రి పదింటికి గడియారం చూసుకున్నాడు. "ఈపాటికి బార్సిలోనా దాటేవాళ్ళం."

"దాటాం లే," అంది యమ్నా.

ఒంటిగంటకి లేచి కూర్చున్నాడు. "వలెన్సియా." తెల్లవారుజామున "ముర్సియా" అన్నాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదికి, "ఇదిగో, ఇప్పుడు మనం అవతలి గట్టున ఉండేవాళ్ళం. మధ్యాహ్నానికి ఊళ్ళో టీ తాగేవాళ్ళం. ఈ దిక్కుమాలిన పడవ ఇంకా నీళ్ళు చిలుకుతోంది!" అని నడవా అంతా వినిపించేలా అరిచాడు. నిద్రపోతున్న పసివాడొకడు లేచి ఏడుపు అందుకున్నాడు. వాడి తల్లి కద్దూర్‌ని చూసిన చూపుకి మళ్ళీ దుప్పటి మీద కూలబడ్డాడు.

నిజం చెప్పాలంటే అతని బాధ ఆలస్యం ఒక్కటే కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ దారిలో అతని కాలి కింద ఒక పెడల్ ఉండేది. కోపమొస్తే తొక్కేవాడు, దిగులేస్తే తొక్కేవాడు. ఇక్కడ ఏం తొక్కాలి? మెట్లెక్కి పైకి పోతాడు, సముద్రం చూస్తాడు, నిన్నటి సముద్రమే. దిగి వస్తాడు. కాలు కాలిన పిల్లిలా పై నుంచి కిందికీ కింద నుంచి పైకీ తిరుగుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం మా దేశం పోలీసులు ఓడలోనే బల్ల వేసుకుని పాస్‌పోర్టుల మీద ముద్రలు వేయడం మొదలెట్టారు. లైను మూడు నడవాలు చుట్టి వంటశాల దాకా వచ్చింది. కద్దూర్ రెండున్నర గంటలు నిలబడ్డాడు. బల్ల దగ్గరికి చేరేసరికి నడుం విరిగింది. పోలీసతను రెండు పాస్‌పోర్టుల మీదా ముద్ర వేసి, "కారు కాగితం?" అన్నాడు.

"కారులో ఉంది."

"కారులో ఎందుకుంది?"

"కారు కాగితం కారులో కాక నా తలపాగాలో ఉంటుందా?" అన్నాడు కద్దూర్. నీళ్ళ సీసాతో పాటు తెచ్చుకోవలసింది అదేనని ఆ నోటి నుంచి ఆ మాట వచ్చాకే వెలిగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాగితం అద్దం పైన ఎండకి వాల్చుకునే రేకు మడతలోనే ఉంటోంది. స్పెయిన్ పోలీసు చెయ్యి చాపితే చాలు, తీసివ్వడమే. రోడ్డు మీద బతికినవాడికి కారుని వదిలి పైకి రావడమే కొత్త.

"అయితే కారు ముద్ర రేవులో దిగాక వేయించుకో హాజ్," అన్నాడు పోలీసతను, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో. "అక్కడ కూడా లైనుంటుంది. పక్కకి జరుగు."

అల్లాల్ పళ్ళెంలో మడత రొట్టె తుంచుతూ ఇదంతా విన్నాడు. కిసుక్కున నవ్వి, "మొదటిసారి అందరికీ ఇంతే," అన్నాడు.

"నాకు రెండోసారి లేదు," అన్నాడు కద్దూర్.

ఆ రాత్రీ పడుకోలేదు. యమ్నా గుడ్డు ఒలిచిస్తే తినలేదు. పుదీనా టీ పోసిస్తే చల్లార్చి పారబోశాడు. అల్లాల్‌కి జాలేసింది.

"నీకేదో జబ్బుందయ్యా. రెండు రాత్రుల నుంచి చూస్తున్నా. కన్ను మూయవేం?"

"నాకు ప్రయాణంలో నిద్ర రాదు."

"ఇంట్లో వస్తుందా?"

యమ్నా తలకి గుడ్డ బిగించి కట్టుకుని అటు తిరిగి పడుకుంది. ఇంట్లో కూడా రాదని ఆవిడకి తెలుసు. ఎందుకు రాదో కూడా లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసని కద్దూర్ నమ్మకం.

బూజియాన్ పోయిన ఆ రోజు ఆవిడ కారులో పక్క సీట్లోనే ఉంది. వలెన్సియా దాటాక తమ్ముడి ఫోన్ వచ్చింది. కద్దూర్ స్పీకర్ ఆన్ చేశాడు. "అన్నా, కళ్ళు మూతలు పడిపోతున్నాయ్. పక్కన ఆపుకుని ఒక్క గంట పడుకుని వస్తా. నువ్వు పోతూ ఉండు." కద్దూర్ నవ్వాడు. ఆ ఏడు ఇరవై ఒకటి కొడదామని ఉంది అతనికి. "పడుకోడానికి ఊళ్ళో నెలంతా ఉంది కదరా! ముసలమ్మలా ఏంట్రా నువ్వు? కాఫీ తాగి నా వెనకే రా." బూజియాన్ కూడా నవ్వి సరేనన్నాడు. అన్న మాట ఎప్పుడు కాదన్నాడు గనక! ఇరవై నిమిషాల తర్వాత కద్దూర్ అద్దంలో చూసుకుంటే వెనక దీపాలు లేవు.

ఈ సంగతి సమాధి దగ్గర చెప్పలేదు. మరదలికి చెప్పలేదు. లువీజాకి అసలే చెప్పలేదు. మాటిచ్చాడు, అంతే. ఆ పిల్లని తన కారులో దింపితే గుండెల మీద నుంచి కాస్త బరువైనా దిగుతుందనుకున్నాడు. ఇప్పుడు ఆ కారేమో కింద తాళాల వెనక ఉంది, తనేమో ఇక్కడ మెట్ల కింద ఉన్నాడు.

శనివారం పొద్దున ఐదింటికి నాదోర్ రేవు దీపాలు కనిపించాయి. ఆ వెనక గురుగూ కొండ నల్లగా లేచింది. కద్దూర్ ప్రాణం లేచొచ్చింది. సంచి భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. అంతలో ఇంజను చప్పుడు తగ్గింది. తూర్పు గాలి జోరుగా ఉందట, రేవులోకి పోవడానికి వీల్లేదట, గాలి తగ్గేదాకా బయటే ఆగాలట.

ఎదురుగా ఊరు. మేడ మీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తున్నాయి. ఓడ కదలదు! ఆరయింది, ఏడయింది, ఎనిమిదయింది. కద్దూర్ ఇనుప కటకటాన్ని రెండు చేతులా పట్టుకుని గాలిని తిట్టాడు, ఓడని తిట్టాడు, టిక్కెట్టు తీసిన రోజుని తిట్టాడు. యమ్నాని తిట్టబోయి ఆవిడ మొహం చూసి మానేశాడు.

ఫోన్లో సిగ్నల్ తగలగానే షాయిబ్‌కి చేశాడు. షాయిబ్ లువీజా మేనమామ, ఊళ్ళో సిమెంటు కొట్టుంది, మొన్నే కొన్న తెల్ల కారుంది.

"ఎక్కడిదాకా వచ్చావ్ బావా?"

"నాదోర్ ఎదురుగానే ఉన్నా. నీళ్ళలో."

"నీళ్ళలోనా!" ఫోన్లో ఇంకెవరికో చెప్పి పకపకా నవ్వడం వినిపించింది. "సరేలే, కంగారుపడకు. అసర్ దాకా చూస్తాం. నువ్వు రాకపోతే నా కారుంది కదా. రిబ్బన్లు కూడా కట్టించేశా."

"విప్పెయ్! నేనొస్తున్నా."

"నువ్వు రా, అప్పుడు విప్పుతా."

కద్దూర్ ఫోన్ జేబులో పెట్టుకుని మెట్ల కిందకి వచ్చాడు. గురువారం నుంచి తిన్నది లేదు, బుధవారం నుంచి పడుకున్నది లేదు. అల్లాల్ అతని చేయి పట్టుకుని పరుపు మీదకి లాగాడు.

"ఒక్క ఐదు నిమిషాలు నడుం వాల్చు. ఓడ కదిలితే ఇంజను మోతకి చచ్చినవాడైనా లేస్తాడు."

"నాకు నిద్ర రాదంటే వినవేం?"

"పడుకోమన్లేదు, వాల్చమన్నా."

వాల్చాడు. పది గంటలయింది అప్పుడు.

మెలకువ వచ్చేసరికి హారన్లు మోగుతున్నాయి. ఏ వలెన్సియా దగ్గరో వెనక లారీ తరుముతోందని కలగని, కాలితో బ్రేకు వెతుక్కుంటూ లేచాడు. నడవా ఖాళీగా ఉంది. పరుపుల్లేవు, సంచుల్లేవు. అల్లాల్ లేడు. యమ్నా ఒక్కతే సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మైకులో ఎవరో విసుగ్గా చదువుతున్నాడు: "బెల్జియం నంబరు బూడిద రంగు కారు, పైన వాషింగ్ మెషీను, తలుపు ముందున్నది! యజమాని ఎక్కడున్నా వెంటనే కిందకి రావాలి! నాలుగోసారి చెప్తున్నాం!"

టైము ఒంటిగంటా నలభై.

ఒక కాలికి చెప్పు దొరికింది, రెండోది దొరకలేదు. అలాగే పరిగెత్తాడు. కింద తలుపు బార్లా తెరిచి ఉంది, బయట ఎండ ధగధగలాడుతోంది. దాని ముందు అతని కారు, ఒక్కటే, గోడలా. దాని వెనక మూడొందల కార్లు, అన్నీ హారన్ల మీద చేతులేసుకుని ఉన్నాయి. ఎంత ఎండలో మాడి సంపాదించుకున్న చోటు అది!

"వచ్చాడండీ పెళ్ళికొడుకు!"

"హాజ్, నిద్ర సరిపోయిందా? దుప్పటి తెప్పించమంటావా?"

"బెల్జియంలో మంచాలు ఇవ్వరా బాబూ మీకు?"

"అరగంట నుంచి నా పిల్లలు ఈ పొగలో ఉడుకుతున్నారయ్యా! నీకు బుద్ధుందా?"

అల్లాల్ మనవడి కారులోంచి తల బయట పెట్టి, "నేను పైకి రెండుసార్లు మనిషిని పంపా! మీ ఆవిడ రానివ్వలేదు!" అని అరిచాడు. కద్దూర్‌కి ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. తాళం చెవి కన్నంలో దూరడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ముప్ఫై ఏళ్ళ పరువు ఆ ఇనుప వాలు మీదుగా రేవులోకి దొర్లిపోయింది.

కారు ముద్ర కోసం నిలబడ్డ లైన్లోనే అతనికి అల్లాల్ మాట అర్థమైంది. కారు దగ్గరికి వచ్చి తలుపు విసురుగా తీశాడు.

"ఎందుకు లేపలేదు నన్ను?"

"రెండుసార్లు లేపా. లేవలేదు. మూడోసారి లేపలేదు."

"ఎందుకని?"

యమ్నా ఒళ్ళోని సంచి మీద గుడ్డ సరిచేసింది. "గురక పెట్టావ్. ఆరేళ్ళయింది నీ గురక విని. ఇంకాసేపు విందామనిపించింది."

"పెళ్ళి పోతోందే అక్కడ! నా మాట పోతోంది!"

"పోతే పోయింది. నా మొగుడు పడుకున్నాడు."

తిట్టడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. అదీ ఒక చిరాకే. మనిషికి కోపమొచ్చినప్పుడు తిట్టడానికో మాటైనా దొరకాలి కదా!

ముద్ర పడేసరికి నాలుగు దాటింది. కొండ దారిలో డెబ్బై కిలోమీటర్లు, ముందు గడ్డి లారీ, దాని ముందు ఇంకో పెళ్ళి బృందం. అసర్ బాంగు దారిలోనే వినిపించింది. కద్దూర్ స్టీరింగు మీద గుద్దాడు. ఊళ్ళోకి తిరిగేసరికి ఆరయింది. దారికి ఎడంపక్కన కార్లు వరసగా ఉన్నాయి, అన్నీ ముందుకు తిరిగి, బయల్దేరడానికి సిద్ధంగా. అన్నిటికంటే ముందు షాయిబ్ తెల్ల కారు. అద్దాలకి రిబ్బన్లు, బానెట్ మీద ప్లాస్టిక్ పూలు.

కద్దూర్ ఒక కాలి చెప్పుతో దిగాడు. షాయిబ్ గడియారం చూసుకుంటూ ఎదురొచ్చాడు. వెనక ముప్ఫై మంది మగవాళ్ళు. చెయ్యి కలిపాడు, టాపు మీది వాషింగ్ మెషీన్ వైపు చూశాడు, అందరూ వినేలా అడిగాడు:

"ఎన్ని గంటల్లో వచ్చావ్ బావా?"

కద్దూర్ మనసులో లెక్క వేశాడు. బుధవారం పొద్దున ఆరు, శనివారం సాయంత్రం ఆరు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"ఎనభై నాలుగు."

జనం గొల్లుమన్నారు. "గాడిదనెక్కి వచ్చావా మావా?" అన్నాడొకడు. "గాడిదైతే నిన్ననే వచ్చేది," అన్నాడు ఇంకొకడు. షాయిబ్ భుజం తట్టాడు. "పర్లేదులే. వచ్చావు కదా, అదే చాలు. పిల్లని నేను తీసుకెళ్తా, నువ్వు వెనకాల రా. గంట నుంచి రమ్మంటే లేవట్లేదు మొండి ఘటం. పెద్దనాన్న రావాలంటుంది. ఇప్పుడు లేస్తుందిలే."

లోపల ఆడవాళ్ళు సంబరంగా నాలుక ఆడిస్తూ వేసే యూయూ కేకలు మొదలయ్యాయి. లువీజాని ఇద్దరు చెరో పక్కా పట్టుకుని తీసుకొచ్చారు. మొహం మీద పచ్చ ముసుగు. తెల్ల కారు దాకా నడిచి ఆగింది. ముసుగు ఎత్తకూడదు, అది పద్ధతి. ఎత్తింది. వాళ్ళమ్మ "అయ్యో" అంది.

లువీజా తెల్ల కారు దాటి వచ్చి కద్దూర్ ముందు నిలబడి అతని కళ్ళలోకి చూసింది, డాక్టరు చూసినట్టు, ఒకటి తర్వాత ఒకటి. వేసవిలో కారు దిగిన మగవాళ్ళ కళ్ళు ఎలా ఉంటాయో మా ఊళ్ళో ప్రతి ఆడపిల్లకీ తెలుసు. ఎర్రగా, నిప్పుల్లా. చిన్నప్పటి నుంచి నాన్న కళ్ళు అలా చూసిన పిల్ల అది.

"పెద్దనాన్నా, పడుకున్నావా?"

కద్దూర్‌కి తల కొట్టేసినట్టయింది. ముప్ఫై మంది వింటున్నారు. "పడుకున్నానమ్మా," అన్నాడు. "అందుకే లేటయింది. ఓడలో మొద్దునిద్ర పోయా. అందరి దారీ మూసేసి మరీ పడుకున్నా."

లువీజా ముసుగు దించుకుంది. "మావయ్యా, రిబ్బన్లు విప్పు," అంది షాయిబ్‌తో. "పెద్దనాన్న కారుకి కట్టు."

టాపు మీది సామాను దించే టైము లేదు. పరుపుల కింద, వాషింగ్ మెషీను కింద, నాలుగు ప్లాస్టిక్ కుర్చీల కింద కూర్చుని అత్తారింటికి వెళ్ళిన పెళ్ళికూతురు మా వైపు అదొక్కతే. రిబ్బన్లు పట్టా తాళ్ళకే కట్టారు. వెనక సీట్లో లువీజా పక్కన యమ్నా కూర్చుంది.

ఊరు దాటాక కద్దూర్ ఆగలేకపోయాడు. రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"లువీజా, ఆ రోజు మీ నాన్న ఆపుకుని పడుకుంటానన్నాడమ్మా. నేనే వద్దన్నా. ముసలమ్మలా ఏంట్రా అన్నా."

"తెలుసు," అంది లువీజా. "నీతో మాట్లాడాక నాకు చేశాడు. 'మీ పెద్దనాన్న నన్ను ముసలమ్మ అంటున్నాడే' అని నవ్వాడు. అదే ఆఖరు."

కద్దూర్ అద్దంలో పచ్చ ముసుగు వైపు చూశాడు.

"ఆరేళ్ళు నీ మొహం చూడబుద్ధి కాలేదు పెద్దనాన్నా. నువ్వు బహుమతులు తెస్తే తీసుకుని పక్కన పడేసేదాన్ని. ఓడలో వస్తున్నారని పెద్దమ్మ చెప్పింది. నమ్మలేదు. నువ్వెక్కడ ఆగుతావ్, దారిలో మనసు మార్చుకుని రోడ్డెక్కేస్తావనుకున్నా. ఎర్ర కళ్ళేసుకుని దిగి ఉంటే, నీ కారు ఎక్కేదాన్ని కాదు. మావయ్య కారే ఎక్కేదాన్ని. అందరి ముందూ."

అతనికి దారి మసకబారింది. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. యమ్నా ముందుకు వంగి అతని భుజం మీద చెయ్యి వేసింది. మలుపు వస్తోంది.

"మెల్లగా పోనీ పెద్దనాన్నా," అంది లువీజా.

కద్దూర్ పెడల్ మీంచి కాలు తీశాడు. స్పీడు మీటరు ముల్లు నలభైకి పడి అక్కడే ఆగింది. వెనక కార్లు ఒక్కొక్కటే హారన్ కొట్టడం మొదలెట్టాయి. అందులో సగం పెళ్ళి సంబరం, సగం విసుగు. అవతలి ఊరు చేరేదాకా అతను ఒక్కసారి కూడా ముల్లుని నలభై దాటనివ్వలేదు.